అభ్యంతరాలు: లేవు

హనుమకొండ,
నవంబరు 8.

మాజీ సీనియర్ టెస్టర్, ప్రస్తుత జూనియర్ కాలేజీ కంప్యూటర్ మేడమ్, నాకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నేర్పిన గురువు నిఖత్ అక్క సముఖానికి,

శిష్యపరమాణువు భానుచందర్ చేతులు కట్టుకుని రాసుకునే విన్నపం.

మొన్న ఫోన్ చేస్తే, "నీతోని ఫోన్ల మాట్లాడితే నవ్వుడే అయితాంది. నిజంగ చెప్పేదుంటే కాయితం మీద రాయి" అని పెట్టేశావు. ఆజ్ఞ శిరసావహించి హెడ్ పోస్టాఫీసుకు పోయి కవర్లు అడిగాను. కౌంటరు వెనకున్న పెద్దాయన నా మెడలోని ఐడీ కార్డు చూసి, ఏ ఉద్యోగానికి అప్లికేషన్ పెడుతున్నావని అడిగాడు. మా అక్కకు ఉత్తరం అన్నాను. అయితే ఉన్న ఉద్యోగం పోయిందా అన్నాడు. ఇంకా లేదని చెప్పి బయటపడ్డాను.

ముందు క్షేమ సమాచారాలు. మీ అమ్మీ మోకాలి ఆపరేషనని చెప్పి నువ్వు రాజీనామా చేసి ఎనిమిది నెలలైంది. నీ కుర్చీని నాకు దఖలు పరిచారు. దాని ఎడమ చక్రం ఇప్పటికీ తిరగదు. హరీష్‌కు పెళ్లి కుదిరింది, డిసెంబరు ఇరవైన. కోడ్ రాస్తూ మధ్యమధ్య తనలో తాను నవ్వుకుంటున్నాడు. మన టీమ్ లీడ్ రాజేశ్వర్ రావు సార్ ఎప్పట్లాగే మంచివారు. ఆ మంచితనమే మన టీముకు పెద్ద చిక్కు అని నా పరిశోధన.

ఇక అసలు సంగతి. ఆస్పత్రులకు మనం అమ్మే పిల్లల వార్డు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ డిసెంబరు రెండున ఒకేసారి మూడు ఆస్పత్రులకు వెళ్తుంది. దానికి ముందు, మన పాత వెర్షన్ నడుస్తున్న ఆస్పత్రిలో అడ్మిషన్లు ఎలా జరుగుతాయో చూసి రమ్మని నన్ను కౌంటరు దగ్గర ఒక పూట కూర్చోబెట్టారు. అక్కడ చూసిందేమిటంటే, పిల్లవాడి బరువు నింపనిదే మన స్క్రీను ముందుకు కదలదు. కౌంటరులో తూకం మిషను లేదు. కాబట్టి క్లర్కు తల్లిని అడుగుతాడు. ఆమె చంకలోని పిల్లవాణ్ని ఒకసారి ఎగరేసి చూసుకుని, "పన్నెండుంటడు సార్" అంటుంది. పన్నెండు అని కొడతాడు. పైన వార్డులో సిస్టర్ నిజంగా తూచితే తొమ్మిదే ఉంటాడు. ఆమె దాన్ని స్క్రీను మీద దిద్దుతుంది.

ఆఫీసుకు వచ్చి కొత్త వెర్షన్‌లో అచ్చంగా అలాగే చేశాను. బరువు దిద్దగానే స్క్రీను మీద మందు మోతాదు తగ్గింది. బాగుంది. ఫార్మసీకి వెళ్లే చీటీ ప్రింటు తీశాను. అందులో మోతాదు పన్నెండు కిలోల పిల్లవాడిదే. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే.

నిన్న గురువారం మీటింగు. ఆ క్రతువు నీకు తెలియనిది కాదు కానీ వర్ణించకుండా ఉండలేను. అన్నీ మాట్లాడాక రాజేశ్వర్ రావు సార్ లేచి, "ఎవలకన్న అభ్యంతరాలున్నయా?" అని కుడి చెయ్యి ఎత్తి ఒక్కో వేలూ ముడుస్తారు. ఐదో వేలు ముడుచుకుంటే అందరూ ఒప్పుకున్నట్టు. తర్వాత సంతకాల కాగితం వస్తుంది. దాని మీద "అభ్యంతరాలు: లేవు" అని ముందే టైపు చేసి ఉంటుంది, సమయం ఆదా. నేను చేరాక ముప్పై ఒక్కసార్లు సంతకం పెట్టాను.

నిన్న మాత్రం మూడో వేలు దగ్గర నోరు తెరిచాను. "సార్, మన సాఫ్ట్‌వేరుకు తల్లి మాటంటే మస్తు గౌరవం. తూకం మిషను ఏం జెప్పినా ఇనది" అన్నాను. గది మొత్తం నవ్వింది. సార్ కూడా నవ్వి, నవ్వుతూనే మిగతా రెండు వేళ్లు ముడిచేశారు. నేనూ సంతకం పెట్టేశాను.

కనుక నేను చెప్పాల్సింది చెప్పేశాను, నా బాధ్యత తీరింది. మరి నిన్నటినుంచి అన్నం ఎందుకు సహించట్లేదో గురువుగారే సెలవియ్యాలి. జనవరిలో నా ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితాలు కదులుతున్నాయని కూడా మనవి.

నీ కుర్చీకి వారసుడు,
భాను


పాలకుర్తి,
నవంబరు 13.

తమ్మీ భానూ,

నీ ఉత్తరం అమ్మీకి చదివి వినిపించాను. పోస్టాఫీసు దగ్గర నవ్వింది, హరీష్ దగ్గర నవ్వింది. చీటీ దగ్గరికి వచ్చేసరికి, "మరి గా పిల్లలకేం గాలేదు గద?" అని అడిగింది. అమ్మీ మూడో తరగతి చదువుకుంది. మీ గదిలో కూర్చున్న ఆరుగురు ఇంజినీర్లలో ఒక్కరైనా ఆ ప్రశ్న అడిగారా?

నువ్వు చెప్పలేదు భానూ. నవ్వించావు. నవ్వినవాడు మళ్లీ ప్రశ్న వెయ్యడు, అది నీకు బాగా తెలుసు. సార్ కోపం చేస్తే "ఊకెనే అన్న సార్" అనడానికి ఒక సందు ఉంచుకుని మాట్లాడావు. అన్నం అందుకే సహించట్లేదు. మందులేమీ అక్కర్లేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. ముందు హరీష్‌తో ఒంటరిగా మాట్లాడు. కోడ్ అతనిది, పదిమందిలో మొదటిసారి వింటే మనసు నొచ్చుకుంటుంది. తర్వాత ఆ తప్పును సిస్టమ్‌లో టికెట్‌గా రాయి. ఏం చేశావు, ఏం వచ్చింది, ఏం రావాలి. మూడు వాక్యాలు చాలు. నాలుగో వాక్యం నీకు తప్పకుండా తోస్తుంది, అది నాకు రాసి పంపు.

పాత టికెట్లు తిరగేస్తూ కూర్చోకు. టైము దండగ. కొత్తది రాయి.

అమ్మీ మోకాలు బాగుంది. పొద్దున గుట్ట మెట్ల దాకా నడిచి వస్తోంది.

మీ అక్క,
నిఖత్


హనుమకొండ,
నవంబరు 20.

గురువుగారికి,

హరీష్ ఉవాచ. నిన్న టీ దగ్గర అతణ్ని ఒంటరిగా పట్టుకున్నాను. శుభలేఖ ఇస్తానేమో అనుకుని సిగ్గుపడుతూ వచ్చాడు, పెళ్లి అతనిదే అన్న సంగతి మరిచిపోయి. నేను చీటీ చూపించాను. చాలాసేపు చూశాడు. "ఫార్మసీల మనుషులే ఉంటరు గదరా, జర చూసుకోరా?" అన్నాడు. చూసుకోకపోతే అని అడిగాను. "నాకు ఇరవై తారీకు పెండ్లి" అన్నాడు. ఈ రెండు వాక్యాల మధ్య సంబంధాన్ని పరిశోధించడానికి ఒక కమిటీ వేశాను. కమిటీలో నేనొక్కణ్నే. కొసకు, "టికెట్ రాసుకో, వద్దన. కని మీటింగుల నువ్వు లేస్తే నేను లేవ" అని వెళ్లిపోయాడు. నిజాయితీ గల మనిషి.

ఇక టికెట్. మూడు వాక్యాలూ అక్షరం పొల్లుపోకుండా నువ్వు చెప్పినట్టే రాయబోతున్నాను. నాలుగోది నీకోసం విడిగా

సాయంత్రం ఆరు.

పైన ఆపిన వాక్యం పూర్తి చెయ్యట్లేదు. టికెట్ టైపు చేస్తుండగా, ఇలాంటిది ఇంతకుముందే ఉంది చూడండి అని సిస్టమే చూపించింది. నేను వెతకలేదు. టికెట్ 418. ఫిబ్రవరి. కౌంటరులో ఒక బరువు, వార్డులో ఇంకో బరువు, చీటీ మీద పాత మోతాదు. నేను రాయబోయిన మూడు వాక్యాలే, నాకంటే మంచి భాషలో. రాసినవారు నిఖత్. రెండు రోజుల తర్వాత "మళ్లీ ప్రయత్నించగా కనిపించలేదు" అని మూసినవారు కూడా నిఖత్. ఆ తర్వాతి సోమవారమే ఆ వెర్షన్ ఆస్పత్రిలో మొదలైంది.

పాత టికెట్లు చూడొద్దని మీరు ఎందుకు రాశారో ఇప్పుడు అర్థమైంది.

నేను కొత్త టికెట్ ఇంకా పంపలేదు. పంపితే దాని పక్కనే మీ పేరు కనిపిస్తుంది. ఏం చెయ్యాలో మీరే చెప్పండి. గురువారం ఇరవై ఎనిమిదిన ఆఖరి మీటింగు.

భానుచందర్


పాలకుర్తి,
నవంబరు 24.

భానూ,

"మీరు" అన్నావు. రెండేళ్లలో మొదటిసారి.

జరిగింది రాస్తున్నాను. ఫిబ్రవరిలో నేనూ ఆ కౌంటరులో కూర్చున్నాను, నువ్వు చూసిందే చూశాను. సార్ గదికి వెళ్లి చెప్పాను. ఆయన నన్ను కోప్పడలేదు. కూర్చోమన్నారు, టీ తెప్పించారు. సోమవారం ఆస్పత్రిలో ప్రారంభం, పెద్దవాళ్లను పిలిచారు, టెంటు కూడా వేశారు అన్నారు. "ఒకసారి మళ్ల చూడమ్మా, మళ్లొస్తదో రాదో" అన్నారు. అంతే.

నేను మళ్లీ చూశాను. ఎలా చేస్తే ఆ తప్పు బయటపడుతుందో నాకు తెలుసు కనుక, ఎలా చేస్తే బయటపడదో కూడా తెలుసు. వార్డులో బరువు దిద్దకుండా చీటీ తీశాను. సరిగ్గానే వచ్చింది. "మళ్లీ ప్రయత్నించగా కనిపించలేదు" అని రాశాను. అందులో ఒక్క అబద్ధం ముక్క లేదు. అలా రాయగలిగినందుకు ఆ రోజు కొంచెం తెలివైనదాన్ని అనుకున్నాను కూడా. గురువారం ఐదో వేలు ముడుచుకుంది, సంతకం పెట్టాను.

నన్నెవరూ బెదిరించలేదు, ఇది గుర్తుపెట్టుకో. బెదిరించి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో, మా ఇంట్లో నాకు ఆ పేరు ఉంది. మర్యాదగా అడిగారు. మర్యాదగా అడిగినవాళ్లకు లేదనడం నాకు ఎవరూ నేర్పలేదు. నెల తిరక్కుండా రాజీనామా ఇచ్చాను. అమ్మీ మోకాలు నిజమే, కానీ కారణం మోకాలు కాదు. నీకు మొన్న "చెప్పలేదు, నవ్వించావు" అని పెద్ద పాఠం చెప్పిన మనిషి చేసిన పని ఇది.

ఇందులో ఒక కాగితం పెట్టాను. ఇప్పుడు నీకు రాసిందంతా సార్‌కు రాసి, తారీకు వేసి సంతకం పెట్టాను. మీటింగులో బల్ల మీద పెట్టు. నా పేరు బయటికొస్తుందని నువ్వు ఆగితే, నేను ఆ టికెట్టును రెండోసారి మూసినట్టు. అది చెయ్యనివ్వను. నువ్వు పెట్టకపోతే శుక్రవారం బస్సెక్కి నేనే వచ్చి పెడతాను.

ఇంకొకటి. నువ్వు కొత్త వెర్షన్ గురించే ఆలోచిస్తున్నావు. పాతది తొమ్మిది నెలలుగా ఆ ఆస్పత్రిలో చీటీలు ప్రింటు తీస్తూనే ఉంది. రాబోయేది ఆపితే సరిపోదు. పోయినవన్నీ తీసి చూడాలి. అది కూడా అడుగు.

నిఖత్


హనుమకొండ,
నవంబరు 29.

అక్కా,

నువ్వనే రాస్తున్నాను. "మీరు" అన్నది నాకే ఎబ్బెట్టుగా ఉంది, మనింట్లో అద్దెకు దిగినవాళ్లతో మాట్లాడినట్టు.

నిన్నటి యుద్ధకాండ వినిపిస్తాను, శ్రద్ధగా ఆలకించు. సాయంత్రం నాలుగు గంటల వేళ రాజేశ్వర్ రావు సార్ లేచారు. అభ్యంతరాలున్నాయా అని చెయ్యెత్తారు. చిటికెన వేలు ముడిచారు. ఉంగరపు వేలు. హరీష్ బల్ల మీద లేని మరకను గోటితో గీకుతున్నాడు. మధ్య వేలు సగం ముడుచుకుంటుండగా లేచి నిలబడి, "సార్, ఉన్నది. నాకున్నది" అన్నాను.

అందరూ నవ్వడం మొదలుపెట్టారు. నేనింకా ఏమీ అనలేదు అక్కా. నేను లేచానంటే జోకే అయి ఉంటుందని ముందే నవ్వేశారు. ఇన్నేళ్లు కష్టపడి సంపాదించిన పేరు. ఆ నవ్వు ఆగేదాకా నిలబడటం నా జీవితంలో చేసిన అతి పొడవైన పని. నోట్లోకి రెండు మంచి జోకులు వచ్చాయి కూడా, మింగేశాను. ఒక్కొక్కరే ఆగారు. అప్పుడు మూడు వాక్యాలు చెప్పాను. కౌంటరులో పన్నెండు కొట్టి వార్డులో తొమ్మిదికి దిద్దాను. చీటీ పన్నెండుకే వచ్చింది. తొమ్మిదికి రావాలి.

సార్ కోపగించుకోలేదు. "గిది ఫిబ్రవరిలనే చూసినం గద బాబూ. మూసేసినం గద" అన్నారు.

"మూసిన మనిషే రాసిచ్చింది సార్" అని నీ కాగితం ఆయన ముందు పెట్టాను.

ఆయన నిలబడే చదివారు. తర్వాత కూర్చుని మళ్లీ మొదటినుంచి చదివారు. చివరికి ఎవరూ చూడని వైపునుంచి మాట వచ్చింది. "నేన్ రాసిన కోడే సార్. బరువు మారినా చీటీ పాత లెక్కనే పట్టుకుంటాంది. నాలుగు రోజులియ్యిండ్రి, సాఫ్ చేస్త." లేవనన్న హరీష్. లేవలేదు కూడా, కూర్చునే అన్నాడు. మాట తప్పని మనిషి.

తర్వాత సంతకాల కాగితం వచ్చింది. అందులో నా అభ్యంతరం రాయడానికి చోటు లేదు. "లేవు" అని టైపు చేసేసి ఉంది కదా. నేను "లేవు" కొట్టేసి "ఒకటి ఉన్నది" అని రాశాను. సార్ ఆ కాగితం చూసి, కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టమన్నారు. పద్ధతి పద్ధతే.

మీటింగయ్యాక గదికి పిలిచారు. జనవరిలో పర్మనెంట్ సంగతి ఇప్పుడు తన చేతిలో లేదని, పైవాళ్లకు విడుదల వాయిదా ఎందుకో చెప్పుకోవాలని అన్నారు. సరే సార్ అన్నాను. అయినా లేచి రాలేదు. పాత చీటీలు చూడాలి సార్ అన్నాను. ఆయన కిటికీలోంచి పార్కింగు వైపు చూస్తూ ఉండిపోయారు. పదినిమిషాలైనా నేను కదలకపోయేసరికి, "పొయ్యేటట్టు లేవు" అని ఆస్పత్రి సూపరింటెండెంటుకు తనే ఫోన్ చేశారు. తలుపు తీసే ఉంచారు. "మా సాఫ్ట్‌వేరుల తప్పున్నది సార్, తెలిసి కూడ ఇచ్చినం" అన్నది టీమంతా విన్నారు.

వచ్చే శనివారం రికార్డు గదిలో కూర్చుంటారట. ఆ టికెట్ గురించి నీకంటే తెలిసినవాళ్లు లేరు, నువ్వు రాగలవా అని అడగమన్నారు. నేను ఆ రోజు ఆఫీసులో హరీష్ దిద్దినదాన్ని పరీక్షిస్తుంటాను.

ఈ రోజు అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

భాను


పాలకుర్తి,
డిసెంబరు 8.

తమ్మీ,

నిన్న సాయంత్రం నిన్ను కలవకుండానే ఆఖరి బస్సు పట్టుకోవాల్సి వచ్చింది. అందుకే రాస్తున్నాను.

రాజేశ్వర్ రావు సార్, నేను పొద్దున తొమ్మిదినుంచి రికార్డు గదిలో ఉన్నాం. మొదటి గంట ఆయన నా మొహం చూడలేదు, నేనూ చూడలేదు. వార్డులో బరువు దిద్దిన పిల్లల కేసు షీట్లు వేరు చేశాం. రెండు వందల పన్నెండు. ఒక్కోదానికి చీటీ పెట్టి చూడటం మొదలుపెట్టాం.

మొదటి చీటీ మీదే పెన్నుతో కొట్టివేత ఉంది. మన మోతాదు కొట్టేసి, సరైనది చేత్తో రాసి ఉంది. రెండోదాని మీదా ఉంది. పదోదాని మీదా ఉంది. అంతా ఒకే చేతిరాత. ఎవరిదని అడిగితే వార్డు సిస్టర్ ప్రేమలత అన్నారు. పిలిపించాం. తొమ్మిది నెలలుగా ఎవరికీ ఎందుకు చెప్పలేదని సార్ అడిగారు. "మీ మిషను గంతే కొడ్తది అనుకున్న సార్. మీకు తెల్సే ఉంటది, రేపో మాపో బాగు చేస్తరు అనుకున్న" అంది. సార్ నా వైపు చూశారు. ఆ రోజులో అది మొదటిసారి.

పగలు చీటీలు తీసేది ఆమే. రాత్రి చేరినవాళ్లకు డాక్టరే చేత్తో రాస్తాడు. కాబట్టి ఆమె సెలవులో ఉన్న రోజులే చూడాలి. ఆ రోజుల్లో దిద్దనివి నాలుగు దొరికాయి. రెండింటికి ఫార్మసీవాళ్లు అనుమానమొచ్చి పైకి ఫోన్ చేసి సరిచేసుకున్నారు. మిగతా రెండూ అలాగే వెళ్లాయి. ఇద్దరు పిల్లలకు మందు ఎక్కువ పడింది.

ఒకటి హసన్‌పర్తి. రికార్డు గదినుంచే వాళ్లకు ఫోన్ చేశాను. పాప బాగానే ఉంది, అంగన్‌వాడీకి వెళ్తోంది. సంగతి చెప్పాను. తండ్రి తిట్టాడు. చాలాసేపు తిట్టాడు. ఒక్క మాటా తప్పనిపించలేదు, వింటూ ఉన్నాను. మధ్యలో సార్ చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నారు. తన పేరు చెప్పి, "ఆమె జెప్పింది, ఇననిది నేను" అన్నారు. అది పూర్తిగా నిజం కాదు, నాకు తెలుసు. కానీ అందులో ఆయన వాటా నిజమే.

రెండోది ధర్మసాగర్. బాబు, జులైలో చేరినప్పటికి ఏడాదిన్నర. మొగిలయ్య, సారలమ్మల కొడుకు. ఆ రోజు మందు పడ్డాక రెండు రోజులు మత్తుగా ఉన్నాడని, వాంతులని షీటులో ఉంది. కారణం రాయలేదు. తర్వాత బాగై ఇంటికి వెళ్లాడు. వాళ్ల ఫోన్ నంబరు పనిచెయ్యట్లేదు. కంపెనీ తరఫున ఉత్తరం పంపిద్దామని సార్ అన్నారు, నేను వద్దన్నాను. అది ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది. నాకు వారమంతా పరీక్షల డ్యూటీ. నువ్వు వెళ్లు. ప్రేమలత సిస్టర్ తన సెలవు రోజు నీతో వస్తానంది. పిల్లవాణ్ని మళ్లీ చూపించుకోవడానికి డాక్టరు రాసిన కాగితం ఆమె దగ్గర ఉంది.

నీకు భయంగా ఉంటుంది. భయమేస్తే నీ నోరు ఎటు పోతుందో నీకు తెలుసు. పోనియ్యకు.

నిఖత్


హనుమకొండ,
డిసెంబరు 16.

అక్కా,

ముందు ఆఫీసు కబుర్లు. హరీష్ దిద్దింది నేను నూట నలభైసార్లు పరీక్షించాను. చీటీ ఇప్పుడు బుద్ధిగా ఉంది. పాత ఆస్పత్రిలో మంగళవారమే మార్చేశారు. మిగతా మూడింటికి జనవరిలో. నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. ఉత్తర్వు కాగితం చాలా మందంగా, గౌరవప్రదంగా ఉంది. సంతకాల కాగితంలో టైపు చేసిన "లేవు" తీసేసి ఖాళీ గీత పెట్టారు. మొన్న ఆ గీత మీద ఇద్దరు రాశారు. ఒకరి అభ్యంతరం మీటింగు గదిలో ఏసీ గురించి. అయినా మొదలే కదా.

నిన్న ఆదివారం పొద్దున సిస్టర్‌ను బండి మీద ఎక్కించుకుని ధర్మసాగర్ పోయాను. దారంతా మనసులో మాటలు కట్టుకుంటున్నాను. అవి ఎటు పోతున్నాయో వెనకనుంచి ఎలా తెలిసిందో, "గమ్మున నడుపు తమ్మీ" అంది సిస్టర్.

ఇల్లు దొరికింది. వాకిట్లో మొగిలయ్య సైకిలు బాగు చేసుకుంటున్నాడు. అతని తల్లి సమ్మమ్మ గడపలో కూర్చుని మనవడికి అన్నం తినిపిస్తోంది. పిల్లవాడు ఒక ముద్ద మింగి వాకిలంతా ఉరికి మళ్లీ వచ్చి నోరు తెరుస్తున్నాడు. అంత చక్కగా ఉరుకుతున్నవాణ్ని చూసి నా ప్రాణం కుదుటపడింది. సారలమ్మ ఇటు వీపు పెట్టి నల్లా దగ్గర గిన్నెలు తోముతోంది.

సిస్టర్‌ను సమ్మమ్మ గుర్తుపట్టి మంచం వాల్చింది. పిల్లవాడు తర్వాత ఎట్లున్నాడని సిస్టర్ అడిగింది. నేను నోరు తెరిచేలోపే సమ్మమ్మ అందుకుంది. దవాఖానలో రెండు రోజులు పోరడు కండ్లు తెరవలేదని, ఇక దక్కడనుకున్నామని, అంతా కోడలు చేసిందేనని చెప్పింది. వద్దంటే వినకుండా జ్వరంలో పెరుగన్నం పెట్టిందట, అది పడక అట్లయ్యాడట. "గప్పటిసంది దీని చేతి అన్నం పెట్టనిస్తలేను బిడ్డా. మల్ల ఏం జేస్తదో" అంది. పక్కింటివాళ్లకూ, చుట్టాలకూ, అందరికీ ఇదే చెప్పినట్టుంది. చాలాసార్లు చెప్పిన కథకు ఉండే నునుపు ఆ మాటల్లో ఉంది. మొగిలయ్య సైకిలు చైనులోంచి తలెత్తలేదు. నల్లా దగ్గర గిన్నెల చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది.

అక్కా, నేను అక్కడికి పోయింది ఒక తప్పు ఒప్పుకోవడానికి. ఆ తప్పు ఐదు నెలలుగా ఇంకొకరి నెత్తిన ఉందని తెలిసి పోలేదు.

చెప్పాను. మూడు వాక్యాలు చాలలేదు. నేను ఫలానా కంపెనీలో పనిచేస్తానని, ఆస్పత్రిలో మందు చీటీ రాసే మిషను మాదని, అది పిల్లవాడి బరువు తప్పు పట్టుకుని మందు ఎక్కువ రాసిందని, మాలో కొందరికి ఆ తప్పు ముందే తెలిసినా ఊరుకున్నామని చెప్పాను. సమ్మమ్మ నా నోటి వైపే చూస్తూ ఉంది. "అంటే ఏంది?" అంది.

"పెరుగన్నంతోని కాలే పెద్దమ్మా. మందెక్కువై అయింది. తప్పు మాది" అన్నాను.

మొగిలయ్య లేచాడు. చేతికి గ్రీజుతోనే దగ్గరికొచ్చాడు. "నా కొడుకు మీద నేర్చుకుంటాండ్లా మీరు?" అన్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే తిందామనే కూర్చున్నాను. సిస్టర్ డాక్టరు కాగితం ఇచ్చి, తను ఆ రోజు సెలవులో ఉన్నానని, మిగతా రోజుల్లో దిద్దుతూ కూడా పైకి చెప్పలేదని తన సంగతీ చెప్పింది. అతను కాగితం పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. రేపు పొద్దున్నే పిల్లవాణ్ని తీసుకొస్తానన్నాడు, తేడా ఏమన్నా ఉంటే ఆఫీసుకే వచ్చి కూర్చుంటానన్నాడు. రమ్మన్నాను, అడ్రసు రాసిచ్చాను.

సమ్మమ్మ చేతిలో ముద్ద అలాగే ఉంది. పిల్లవాడు వచ్చి నోరు తెరిచి నిలబడ్డాడు. ఆమె పెట్టలేదు.

అప్పుడు సారలమ్మ నల్లా కట్టేసి వచ్చింది. నాకంటే చిన్నదై ఉంటుంది. తడి చేతులు కొంగుకు తుడుచుకోలేదు. అత్త పక్కన కాదు, సరిగ్గా అత్తకు ఎదురుగా నిలబడి, నాతో అంది:

"మల్లొక్కసారి చెప్పు అన్నా. అత్తమ్మకు సరిగ్గ ఇనవడలే. పక్కింటోళ్లకు గూడ ఇనవడాలె. జర గట్టిగ చెప్పు."

నేను మంచం మీదినుంచి లేచాను. గడప దాటి వాకిలి మధ్యకు వచ్చి, గోడ అవతలికి కూడా వినపడేలా, మొదటినుంచి మళ్లీ చెప్పాను.

భాను